పోపు నూనె

శ్రీలత దువ్వెనను వీపు వెనక దాచుకుని కూతురిని పిలిచేది. ఐదేళ్ల రవళికి ఆ పిలుపు తెలుసు. వెంటనే మంచం కిందికి దూరేది.

పుట్టువెంట్రుకలు ఐదో ఏట వేములవాడలో తీయిస్తామని మొక్కుకున్నారు. అంతవరకు కత్తెర తగలకూడదు. సకల జనుల సమ్మెతో బస్సులు ఆగిపోయాయి, ప్రయాణమూ ఆగింది. పిల్ల మెడ మీద జుట్టు అట్టకట్టింది. ఇంకో వారమైతే కత్తిరించక తప్పదని, మొక్కు చెడుతుందని శ్రీలత భయం.

ఆ రోజు సమ్మెలో భాగంగా దంతాలపల్లి రోడ్డు మీద వంటావార్పు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టారు. కూలికి పోయే ముసలి దుర్గమ్మ, శ్రీలతతో వచ్చిన రవళిని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. పప్పు పోపుకు ఉంచిన పల్లి నూనెలో వేళ్లు ముంచింది.

"మాడు కాణ్ణుంచి గుంజుతున్నవా బిడ్డా?" అని శ్రీలతను అడిగింది. "పిల్లకు నొయ్యదా? పైన గట్టిగ పట్టుకొని, కొసల నుంచి మొదలువెట్టాలె. అప్పుడు మాడుకు తెల్వది."

నినాదాల మధ్య చిక్కు పాయపాయగా విడింది. రవళి ఏడవలేదు. నిద్రపోయింది.

"పోపు నూనంత పోరి నెత్తికి రాస్తివి. పప్పెట్ల తింటం దుర్గవ్వా?" అంది పక్క పొయ్యి దగ్గరి ఆమె.

"తెలంగాణ వచ్చినంక పోపు పెట్టుకుందాం తియ్."

అందరూ పోపు లేని పప్పే తిన్నారు. ఒక్కరూ వంక పెట్టలేదు.

మర్నాడు పొద్దున శ్రీలత దువ్వెనను కూతురి చేతికే ఇచ్చింది. తను వేళ్లకు నూనె రాసుకుని కొసల దగ్గర చిక్కు తీయడం మొదలుపెట్టింది. జడ వేశాక గిన్నె నిండా పల్లి నూనె పోసుకుని, రవళిని వెంటబెట్టుకుని దుర్గమ్మ ఇంటి పొయ్యి దగ్గరికి నడిచింది.