ముల్లు గుచ్చుకున్న చోటు

జూన్‌లో, ఉదయం ఆరున్నరకు ఈశాన్య సరిహద్దులోని పోస్టుకు చేరాను. నా చివరి పోస్టింగ్ అది. నిటారు కొండ, వెదురు అడవి, ఆగని వాన. వీపు మీద ఇరవై కిలోల బరువు. నాలుగో రోజు గస్తీలో ఒక ముల్లు ప్యాంటు చీల్చుకుని ఎడమ పిక్కలో దిగింది. పీకి పారేశాను.

మూడు నెలలకు అక్కడ పొక్కు లేచింది. ఏడాదికి అరచేతంత మచ్చయింది, పైన పులిపిర్లలా గరుకుగా. పై అధికారులు పెద్ద దవాఖానకు పంపుతామన్నారు. డ్యూటీ నుంచి తీసేస్తారని వద్దన్నాను. మలాములతో నెట్టుకొచ్చాను. ఒక సాయంత్రం కాపలా దిగి వచ్చేసరికి నా మంచం సామాన్ల గదిలో ఉంది. మార్చింది ఎవరని అడగలేదు.

వైర్‌లెస్ ఆపరేటర్ కరీంనగర్ వైపు మనిషి. నేను కాపలాలో ఉంటే సెట్టులో పలకరించేవాడు.

"అన్నా, తిన్నవా?"

"ఔ."

"కాలెట్లుంది?"

"గట్లనే ఉంది."

"మనోళ్లు భయపడుతున్రు. ఏమనుకోకు."

ఏమీ అనుకోనన్నాను. అబద్ధం.

రెండేళ్లకు సర్వీసు ముగించి నాంపల్లి స్టేషన్‌లో దిగాను. ఇంట్లో నా భార్య పడక విడిగా వేసింది. "పాపకు అంటుకుంటదేమోనని ఫికరైతుంది" అంది. ఐదేళ్ల పాపను నేనే దగ్గరికి రానివ్వలేదు.

ఆ వారమే అబిడ్స్‌లో ఒక చర్మ వైద్యురాలికి చూపించాను.

"అక్కడ ముల్లేమన్న గుచ్చుకుందా?" అని అడిగింది. అంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న. మచ్చ నుంచి చిన్న ముక్క తీసి, మైక్రోస్కోప్‌లో నాకూ చూపించింది. రాగి నాణేల్లాంటి గోధుమరంగు గుండ్రటి కణాలు.

"ఇది ఫంగసే. ఏ రకమో తెల్వాలంటే పెంచి చూడాలె. నెల పడ్తది."

నెల తర్వాత గాజుగొట్టంలో నల్లటి మఖమల్లులా పెరిగి ఉంది. ఫోన్సెకియా అని పేరు చెప్పింది.

"మట్టిల, ముండ్లల ఉంటది. ఏడాది మందులు వాడాలె. మనిషి నుంచి మనిషికి అంటదు."

"ఎవ్వరికీ?"

"ఎవ్వరికీ."

గన్‌ఫౌండ్రీ దగ్గర ఫుట్‌పాత్ మీద ఆగి ఆపరేటర్‌కు ఫోన్ చేశాను. డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను.

"నిన్ను ఒక్కన్నే పండవెడ్తిమి గదన్నా" అన్నాడు.

"మీకేం తెల్సు. నాకే తెల్వకపాయె."

ఇంటికెళ్లి నా భార్యకు చెప్పాను. ఆమె కుర్చీలో కూలబడి ఏడ్చింది. నేను నేల మీద కూర్చుని, చేతులు చాచి పాపను రమ్మన్నాను.

మచ్చ మానింది. పాప ఇప్పుడు నా భుజాలెక్కి ఆడుతుంది. కానీ ఆ సాయంత్రం అది గడప దగ్గరే ఆగి, వెళ్లొచ్చా అని అడుగుతున్నట్టు తల్లి ముఖంలోకి చూసింది. ఆ చూపు ఇంకా నన్ను వదల్లేదు.