వీరభద్రం గారికి నచ్చని సినిమా

వీరభద్రం గారికి నచ్చని సినిమా భూమ్మీద ఇంతవరకు ఎవరూ తీయలేకపోయారు. తీద్దామని చాలామంది శక్తివంచన లేకుండా ప్రయత్నించారు, పాపం. ఒకసారి మేడ్చల్ థియేటర్లో జనం ఇంటర్వెల్‌కే గోడ దూకి పారిపోతుంటే, ఆయన మాత్రం ఆఖరి పేరు తెర మీంచి జారిపోయేదాకా కూర్చుని, తృప్తిగా ఒళ్లు విరుచుకుని, "ఆ వాన చూశావటయ్యా? ఎంత బాగా కురిసిందో!" అన్నారు.

"సారూ, అది సినిమాల వాన గాదు. మన నెత్తిమీద రేకు కారుతాంది" అన్నాడు పక్కనున్న మోషే.

వీరభద్రం గారు పైకి చూశారు. "అయితే మాత్రం? సమయానికి కారింది."

మోషేది అల్వాల్. ఆటో నడుపుతాడు. వీరభద్రం గారు తణుకు నుంచి ఉద్యోగానికొచ్చి, రిటైరై తూంకుంటలో ఇల్లు కట్టుకున్న మనిషి. ఆ ఇంటికి సామాను చేరవేసిన నాటి నుంచి మోషే ఆయనకు శుక్రవారం మార్నింగ్ షో నేస్తం. ఈయనకు నచ్చని సినిమా లేదు, మోషేకు నచ్చిన సినిమా లేదు. తిరుగుదారిలో వాళ్ల వాదులాట వినడానికి షామీర్‌పేట చెరువులో చేపలు ఒడ్డుకొచ్చి తలలెత్తేవి. నమ్మనివాళ్లు వెళ్లి చేపల్నే అడగొచ్చు.

ఆయన మెచ్చుకోలుకు ఇంట్లో కూడా విలువ లేదు. ఆయన భార్య బాలాత్రిపురసుందరి గారు ఒకరోజు పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయారు. ఆయన లొట్టలేసుకుంటూ తిని, "పోపు ఎంత ముద్దొస్తోందే!" అన్నారు.

"ఉప్పు లేదని చెప్పొచ్చుగా?"

"ఆ ముక్క నువ్వు చెప్పేశావుగా. నేను పోపు సంగతి చూస్తున్నాను."

ఇలా సాగుతున్న రోజుల్లో గజేంద్రుడి కథను కొండంత డబ్బు పోసి సినిమాగా తీశారు. మోషే కూతురు షైని గ్రాఫిక్స్ కంపెనీలో పనిచేస్తుంది. ఆ సినిమాకు ఆమె కూడా పనిచేసింది. ఇంకేముంది, ఏనుగును చేసింది తన బిడ్డేనని మోషే చర్చి మొత్తానికి చాటింపు వేశాడు.

"డాడీ, మొత్తం నేను చెయ్యలే. కొంచమే చేసిన" అని షైని మొత్తుకుంది.

"ఏనుగు కొంచమేంది బిడ్డా? ఉంటే నిండా ఉంటది."

అది మన కథ కాదు గదా, చూడొచ్చా అని చర్చిలో ఒకావిడ నసిగింది. మోషే భార్య సారమ్మ కొంగు బిగించింది. "ఏనుగుకు మతమేంది? నా బిడ్డ చేసిన ఏనుగు. నడువుండ్రి!"

శుక్రవారం పొద్దున మేడ్చల్ థియేటర్లో సగం వరుసలు చర్చివాళ్లవే. క్రిస్మస్‌కు దాచుకున్న చీరలు ఆరోజే బయటికొచ్చాయి.

సినిమా మొదలైంది. ఏనుగుకు పలకలు పలకలుగా కండలున్నాయి. మొసలికి గతజన్మలో ఓ విఫలప్రేమ, ఆ ప్రేమకో పాట. చెరువులో మొసలి తన కాలు పట్టుకోగా ఏనుగు ఘీంకరిస్తుంటే, వైకుంఠంలో దేవుడు జుట్టు సర్దుకుని, గాల్లో ఉత్తరీయం ఎగరేసుకుంటూ నింపాదిగా నడవసాగాడు. ఎంత నింపాదిగా అంటే, ఆ నడక అయ్యేలోపు ఓ కునుకు తీసి లేచినవాళ్లున్నారు. గుమ్మం దాటాడో లేదో, తక్కింది రెండో భాగంలో చూడమని తెర మీద పడింది.

హాలంతా గోలెత్తిపోయింది. "ఏనుగుకు గాలి ఎక్కువ గొట్టిండ్రు రా!" అని వెనక నుంచి ఒకడు. "రెండో భాగానికి పంచరైతది తీ!" అని ఇంకొకడు. చర్చివాళ్లు మోషే మొహం చూడలేక చీర అంచులు చూసుకున్నారు.

షైని చున్నీ మొహం మీదికి లాక్కుంది. "డాడీ, గీ పని నాకు రాదు. సోమవారం పోయి మానేస్తానని చెప్పొస్త."

సినిమాల్ని తిట్టడంలో ఉద్దండుడైన మోషే వీరభద్రం గారి చెయ్యి పట్టుకున్నాడు. "సారూ, నువ్వన్న జెప్పు సారూ. ఏనుగు బాగుందని."

"అంకుల్ జెప్తే ఏం లాభం డాడీ? రేకు కారినా బాగుందంటడు" అంది షైని, చున్నీ చాటు నుంచే.

వీరభద్రం గారు లేచి బయటికి నడిచారు.

బయట యూట్యూబు చానెల్ సుస్మిత మైకు పట్టుకుని సినిమా ఎలా ఉందో జనాన్ని అడుగుతోంది. ఈయన కనబడితే మైకు పక్కకు తిప్పేయడం ఆ పిల్లకు అలవాటు. మంచి చెప్పేవాడి వీడియో ఎవరు చూస్తారు? ఆరోజు ఆయనే వెళ్లి మైకు లాక్కున్నారు.

"చెత్త!" అన్నారు.

పాప్‌కార్న్ నములుతున్నవాళ్లు నమలడం ఆపేశారు.

"కథ చెత్త. పాటలు చెత్త. ఏనుక్కి ఆ కండలేవిటండీ, కుస్తీ పోటీలకి పంపుతారా? పిలిస్తే చేతిలో ఆయుధం ఉందో లేదో కూడా చూసుకోకుండా పరిగెత్తుకొచ్చిన దేవుడండీ ఆయన! ఈ సినిమాలో దువ్వుకుని బయల్దేరాడు. బయల్దేరినవాడు రానేలేదు! రెండో భాగంలో వస్తాట్ట! అందాకా ఆ మూగజీవం కాలు మొసలి నోట్లోనే ఉండాలా?"

మోషే పరుగెత్తుకొచ్చాడు. "సారూ, పానం బాగలేదా? మంచినీళ్లు తేవాల్నా?"

"ఉండవయ్యా, ఇంకా అవలేదు." వీరభద్రం గారు మైకు ఇంకా దగ్గరికి తీసుకున్నారు. "ఇంత చెత్తలోనూ ఒక్కటే నిజవండీ. చివర్లో ఏనుగు కన్ను దగ్గరగా చూపించారే, అది. తన బలం అయిపోయిందని ముందు ఆ కంటికి తెలిసింది. ఆ తర్వాతే ఏనుక్కి తెలిసింది. రెప్ప వాలబోయి, ఎవరో వస్తారని మళ్లీ లేచింది. నాకు ఒళ్లు జలదరించింది. ఆ కన్ను చేసినవాళ్లెవరో గానీ, పని మానేస్తే మాత్రం నేనూరుకోను."

మోషే వెనకే వచ్చిన షైని మొహం మీది చున్నీ ఎప్పుడు జారిందో ఆమెకే తెలియదు. "డాడీ... నేను జేసింది గదే. నాకు ఇచ్చిందే గా ఒక్క కన్ను. నువ్వు ఏనుగు ఏనుగు అంటుంటే జెప్పబుద్ధి గాలే."

"మరి ఇంకో కన్ను?"

"గది ఎవరిదో."

సారమ్మ అక్కడికక్కడే కూతుర్ని కావలించుకుని, "నా బిడ్డ కన్ను!" అని చర్చివాళ్లందరికీ కొత్త చాటింపు వేసింది.

తిరుగుదారిలో ఆటో షామీర్‌పేట దాటింది. వీరభద్రం గారు ముందు మోషే పక్కన సర్దుకుని కూర్చున్నారు. ఆరోజు వాదులాట లేదు. మోషే ఇక ఆగలేక అడిగాడు. "సారూ, నీకు అన్నీ కనబడుతయన్నట్టేగా? మరి ఇన్నేండ్లు ప్రతి సినిమా బాగుందని నన్నెందుకు పరేషాన్ జేసినవ్?"

వీరభద్రం గారు కాస్త సిగ్గుపడ్డారు. "ఒక సినిమాకి ఎంతమంది పనిచేస్తారయ్యా! వాళ్లలో ఎవరి నాన్నో మన వెనక సీట్లో కూర్చుని ఉండొచ్చుగా? వినపడితే బాగోదని. ఇవాళ ఆ నాన్న నా పక్క సీట్లోనే ఉన్నాడు. అమ్మాయేమో నా 'బాగుంది' చెల్లదంది, అందుకే ముందు నిజం చెప్పాల్సొచ్చింది."

మోషే అనవసరంగా రెండుసార్లు హారన్ కొట్టాడు.

వెనక సీట్లోంచి షైని ముందుకు వంగింది. "అంకుల్, రెండో భాగంల మొసలి నోరు నాకిస్తమంటుండ్రు. సోమవారం పోయి సరేనంట."

"శుభం! అయితే ఒక్క మాట చెప్పు తల్లీ దానికి" అన్నారు వీరభద్రం గారు. "మన దేవుడి నడక చూశావుగా, ఎప్పటికొస్తాడో ఏమో. కాస్త మెల్లగా కొరకమను."