రంగులు రాయివా, అద్దానివా?

నా చిన్నప్పుడు తొలకరి పడిందంటే చాలు, మా ఊరి జనమంతా పొయ్యి కూడా వెలిగించకుండా చేలలోకి పరుగెత్తేవారు. వాన కడిగిన ఎర్రమట్టిలో వజ్రాలు బయటపడతాయని మా కర్నూలు సీమలో అందరికీ ఆశ. ఐదో తరగతి అయిపోయిన ఆ వేసవిలో నాకూ తళతళలాడే రాయి ఒకటి దొరికింది. అది వజ్రమైతే నన్ను కర్నూలు హాస్టల్లో వేసి చదివిస్తానని నాయన మాటిచ్చాడు. ఇక నా కాళ్ళు నేలమీద నిలిస్తే ఒట్టు.

మేము ఖాలా అని పిలిచే పక్కింటావిడ హైస్కూల్లో సైన్సు టీచరు. వాళ్ళ తాతల నాటి ఇత్తడి మైక్రోస్కోపు ఒకటి ఆమె దగ్గర ఉండేది. నాయనతో వెళ్ళి రాయిని దాని కింద పెట్టి చూస్తే అంచు చుట్టూ ఎరుపు, నీలం మెరుస్తున్నాయి.

"వజ్రమే నాయనా, రంగులు కక్కుతాండాది" అని గంతులేశాను. నాయన కూడా కన్ను ఆనించి చాలాసేపు లేవలేదు.

ఖాలా వంటింట్లోంచి ఒక ఉప్పుగల్లు తెచ్చి అక్కడే పెట్టింది. దానికీ అవే రంగులు. "అయితే ఉప్పు కూడా వజ్రమేనా బేటీ?" అంది. తర్వాత, సెలవులకని ఇంట్లో దాచిన బడి మైక్రోస్కోపు తీసింది. అందులో రాయీ ఉప్పూ రెండూ ఏ రంగూ లేకుండా తేటగా కనిపించాయి.

రాయికున్న ఆరు పలకలు చూపించి అది మామూలు పలుగురాయేనని, రంగులు పాత మైక్రోస్కోపులోని అద్దానివని ఖాలా చెప్పింది. గాజు ఒక్కో రంగు వెలుగును ఒక్కో తీరుగా వంచుతుందట. అందుకే పాతకాలం వాళ్ళకు మైక్రోస్కోపులో ఏది చూసినా అంచులు రంగులతో అలుక్కుపోయేవట. తర్వాత రెండు రకాల గాజును జోడించి, ఒకటి విడదీసిన రంగులను రెండోది మళ్ళీ కలిపేలా చేశారట. వింటుంటే నాకు ఒళ్ళు పులకరించింది.

"ఏ గాజుకు ఏ గాజు సరిపోతాదో వాళ్ళకెట్ల తెలిసింది? అద్దమే తప్పు చూపిస్తాండాదని ఎవరు కనిపెట్టినారు?" అని ఊపిరి సలపనీయకుండా అడిగాను. ఖాలా నవ్వి, అన్నిటికీ తనకూ జవాబు తెలియదంది.

నాయన రాయిని గోడవతలకు విసిరేశాడు. దాంతోపాటే నా చదువూ పోయిందనుకున్నాను.

"ఈ పిల్ల అడిగేవాటికి జవాబులు యాడ దొరుకుతాయమ్మా?" అన్నాడు ఖాలాతో.

"కర్నూల్లో దొరుకుతాయి అన్నా."

"అయితే ఆడికే పంపిస్తాలే."

ఆ చదువుతోనే నేనూ టీచరునై, రిటైరై చాలా కాలమైంది. ఇప్పటికీ ఏదైనా కళ్ళు చెదిరేలా కనబడితే, ముందు దేనిలోంచి చూస్తున్నానో సరిచూసుకుంటాను. నా చూపులోనే తప్పుందని తేలిన రోజున మాత్రం, ఈ వయసులోనూ చిన్నపిల్లలా సంబరపడిపోతాను.