పసుపు పట్టీ

మా ఆస్పత్రిలో మనిషి ఖరీదు గేటు దగ్గరే తేలిపోతుంది. ఇక్కడివాళ్ల మణికట్టుకి తెల్ల పట్టీ కడతారు, విదేశీయులకి పసుపు పట్టీ. తెల్ల పట్టీ అయితే ఖర్చులో పావు వంతు ముందు కట్టి, మిగతాది నెలనెలా తీర్చుకోవచ్చు. పసుపు అయితే రేటే మూడింతలు, అది కూడా మొత్తం ముందే. రేపు విమానం ఎక్కిపోతే ఎక్కడని వెతుకుతాం అంటారు మేనేజరు. అందులో అబద్ధం లేదు. సెలైన్ సూది పీక్కుని వెనక గేటు నుంచి జారుకున్నవాణ్ణి నేనే చూశాను. నేను అక్కడ అంబులెన్స్ డ్రైవర్ని. కాలేజీ మధ్యలో వదిలేసి ఊరి మీద తిరుగుతుంటే, మా పిన్ని ఈ స్టీరింగు పట్టించింది.

పిన్ని ఇరవై రెండేళ్లుగా అక్కడి విదేశీ పేషెంట్ల డెస్కులో ఉంది. డెస్కు అంటే పెద్దగా ఊహించుకోవద్దు. మందుల షాపు వెనక కిటికీ లేని గది, రెండు ఫోన్లు, ఒక ప్రింటరు, విరిగిన కాలికి పిండికట్టు వేసిన కుర్చీ. ఆ కట్టు ఎముకల వార్డు వాళ్లే వేసిపెట్టారు. ఊళ్లు చూడ్డానికి వచ్చినవాడు జబ్బుపడితే, వాడి ఇన్సూరెన్స్ కంపెనీకి పిన్ని ఫోన్ చేస్తుంది. ఖర్చు మేం భరిస్తాం అని కంపెనీ లెటర్ పంపాలి. అది వచ్చేదాకా పేషెంటుకీ ఊపిరాడదు, ఆస్పత్రికీ ఊపిరాడదు. అందుకే అందరూ ఆవిణ్ణి లెటరమ్మ అంటారు.

ఏ కంపెనీ ఫోన్లో ఎంతసేపు ఏ పాట వాయిస్తారో పిన్నికి కంఠతా వచ్చు. ఒకసారి ఇంట్లో బట్టలు మడతపెడుతూ ఏదో కూనిరాగం తీస్తుంటే, అదేం పాటే అని మా అమ్మ అడిగింది.

"కాళ్లు విరగ్గొట్టుకునేవాళ్ల కంపెనీదక్కా. నలభై నిమిషాలు వాయించి లైను కట్ చేస్తారు" అంది పిన్ని.

ఆవిడ పద్ధతి ఒకటుంది. కొత్త పేషెంటు రాగానే ఏ దేశం అని అడగదు, ఎక్కడ పడుకుంటున్నారు అని అడుగుతుంది. విన్నవాళ్లు మొదట బిత్తరపోతారు. దాని వెనక ఒక చావుంది. ఆవిడ చేరిన కొత్తలో స్పృహ లేని ఒకామెని తీసుకొచ్చారు. పాస్‌పోర్టు మీద ఎక్కడో ప్రపంచం అవతలి చిరునామా ఉంది. ఆ చిరునామాకే రెండ్రోజులు ఫోన్లు కొట్టారు. ఆమె వేసుకునే మందులు, చీటీలు మూడు వీధుల అవతల లాడ్జి గదిలో ఉన్నాయి. అవి దొరికేసరికి ఆమె లేదు. పాస్‌పోర్టు మనిషి పుట్టుక చెబుతుంది తప్ప బతుకు చెప్పదని పిన్ని అప్పటినుంచీ నమ్ముతుంది.

ఇక ఆ రోజు సంగతి. మిట్ట మధ్యాహ్నం, సైకిల్ షాపు నుంచి ఫోన్. వెళ్లేసరికి నేల మీద చైన్లు, ట్యూబుల మధ్య అరవై ఏళ్ల తెల్లాయన గోడకి చేరగిలబడి ఉన్నాడు. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. ఎడం చెయ్యి గుండె మీద ఉంది, కుడి చేతిలో పానా ఇంకా అలాగే ఉంది. పక్కన ఒక లావుపాటి ఆవిడ, చంకలో బిస్కెట్ల రేకు డబ్బా. ఎవరేమిటని అడిగే తీరిక నాకు లేదు. స్ట్రెచరు ఎక్కించాను, సైరను వేశాను.

గేటు దగ్గర పట్టీలు కట్టేవాడు తలెత్తకుండానే అడిగాడు. "ఏ రంగన్నా?"

నేను ఆయన మొహం చూశాను. "పసుపు" అన్నాను.

అంతే. ఒక్క మాట. ఒంటి రంగు చూసి అన్న మాట.

ఐసీయూలో గుండె డాక్టరు పరీక్షలు చేసి, రక్తనాళం మూసుకుపోయిందని తేల్చాడు. ఇంజెక్షన్ ఇచ్చి కాస్త నిలబెట్టాడు గానీ, గంటలోపు స్టెంట్ వెయ్యాలన్నాడు. సర్కారు ఆస్పత్రి రెండు గంటల దూరం, ఆ కుదుపులకి ఆయన ఆగడు. ఇక్కడేమో పసుపు పట్టీ. డబ్బు మొత్తం జమ అయ్యేదాకా ఆ పట్టీ నంబరుకి అత్యవసరం మందులొస్తాయి తప్ప, స్టెంట్లు వేసే ల్యాబు తలుపు తెరుచుకోదు. డాక్టరుకి చేతులున్నాయి, తాళం చెవి లేదు.

పిన్ని ఐసీయూకి వచ్చి, మంచం పక్కన వంగి తన ప్రశ్న వేసింది. "ఎక్కడ పడుకుంటున్నారండీ?"

ఆయన కళ్లు తెరిచి మన భాషలోనే అన్నాడు. "మేడ మీద. ఈవిడ గారి మేడ మీద గదిలో."

లావుపాటావిడ అందుకుంది. "పదకొండేళ్ల నుంచమ్మా. వీధిలో అందరూ దొర అంటారు. పేరుకే దొర, పంక్చరుకి చిల్లర అడగడానిక్కూడా మొహమాటం. కరెంటు బిల్లు మాత్రం నాకంటే ముందు కడతాడు. కాగితాలేవో అడుగుతారని డబ్బా మొత్తం పట్టుకొచ్చా, నాకు చదవడం రాదు."

డబ్బాలో బోల్టుల కింద, ఇక్కడ ఉండడానికి సర్కారు ఆయనకిచ్చిన నివాస కార్డు ఉంది. గడువు ఇంకా మూడేళ్లుంది. ఆ కార్డున్నవాళ్లకి తెల్ల పట్టీయే కట్టాలి, అది మా ఆస్పత్రి రూలు. ఇన్సూరెన్స్ మాత్రం లేదు. తిరగడానికొచ్చినవాడికి టికెట్‌తో పాటు ఇన్సూరెన్స్ ఉంటుంది, ఉండిపోయినవాడికి ఏదీ ఉండదు.

"తెల్ల రేటైతే ముందు కట్టాల్సింది నా దగ్గరుంది" అంది ఇంటావిడ. "పసుపైతే మేడతో సహా అమ్ముకోవాలి."

పిన్ని నావైపు తిరిగింది. "పసుపని ఎవరన్నార్రా?"

"నేనే పిన్నీ."

"సరే. రా."

తిట్టలేదు. తిడితే బాగుండేది.

కంప్యూటరు గదిలో కుర్రాడు కార్డు చూసి బుర్ర గోక్కున్నాడు. "చేరాక రంగు మారదు మేడమ్. గేటు దగ్గర వెళ్లిపోయినట్టు స్కాన్ చేసి, మళ్లీ కొత్తగా చేర్చాలి. లేదంటే మేనేజరుగారి పాస్‌వర్డ్ కావాలి."

"ఆయనేరి?"

"మీటింగుకి వెళ్లారు. ఫోన్ స్విచాఫ్."

"మనిషిని బయటికి మోసుకెళ్లాలా?"

"మిషనుకి మనిషితో పన్లేదు, పట్టీ చాలు. కానీ మేడమ్, వెళ్లినట్టు స్కాన్ అయిన దగ్గర్నుంచి కొత్త పట్టీ వచ్చేదాకా ఆయన మన లెక్కలో లేనట్టే. ఆయన పేరు మీద మందుల బీరువా కూడా తెరుచుకోదు."

"ఎంతసేపు?"

"రెండు నిమిషాలు. లైన్ లేకపోతే."

పిన్ని ఐసీయూకి తిరిగొచ్చి నర్సుకి విషయం చెప్పింది. నర్సు పాత మనిషి. పసుపు నంబరు మీదే బీరువా తెరిచి, అవసరం పడొచ్చనుకున్న ఇంజెక్షన్లన్నీ తీసి ట్రేలో పేర్చుకుంది. "రెండు నిమిషాలన్నావు. ఐదు దాకా నేను చూసుకుంటా. ఆరోది నన్నడక్కు లెటరమ్మా" అంది. పిన్ని కత్తెర తీసుకుని పట్టీ కత్తిరించింది. దొర తన ఖాళీ మణికట్టు కేసి చూసుకుని, "నన్ను పంపేస్తున్నారా?" అన్నాడు.

"లేదండీ. సరిగ్గా చేర్చుకుంటున్నాం."

పిన్నికి మోకాళ్ల నొప్పులు. పట్టీ నేను పట్టుకెళ్తానన్నాను. కానీ స్కాన్ చెయ్యాలంటే డెస్కు వాళ్ల వేలిముద్ర కావాలి, అందుకని ఆవిడే బయల్దేరింది. కారిడారు పొడవునా గోడ పట్టుకుని, దాదాపు పరుగెత్తింది. ఆవిడ అలా నడవడం నేనెప్పుడూ చూళ్లేదు. గేటు దగ్గర ఇద్దరున్నారు. వేలు చితికిన వడ్రంగి ఒకడు, జ్వరం పిల్లాడితో ఒక తల్లి. పిన్ని వాళ్లకి దణ్ణం పెట్టి ముందుకెళ్లింది. పసుపు పట్టీ స్కాన్ చేసింది. మిషను కీచుమంది. పేషెంటు వెళ్లిపోయాడు.

"ఇప్పుడు కొత్తగా చేర్చు. తెల్లది" అంది.

గేటువాడు వివరాలు కొట్టి ప్రింటు నొక్కాడు. ఏమీ రాలేదు. మూత తీసి చూశాడు. "తెల్ల రోలు అయిపోయింది మేడమ్. పొద్దున్నించీ అందరూ తెల్లవాళ్లే, అంటే మనవాళ్లే. స్టోరు నుంచి తేవాలి."

"ప్రింటు లేకుండా చేర్చు."

"ప్రింటైతేనే నంబరు పుడుతుంది."

నేను స్టోరుకి పరుగెత్తాను. స్టోరు నేలమాళిగలో. తలుపుకి తాళం, తాళానికి ఒక చీటీ: భోజనానికి వెళ్లాను. క్యాంటీన్లో స్టోరు కీపరు దొరికాడు. చెయ్యి కడుక్కుంటానన్నాడు. కడుక్కోనివ్వలేదు, రెక్క పట్టుకుని లాక్కొచ్చాను. పోలీసువాడిలా పట్టుకున్నావేంట్రా అని దారంతా తిట్టాడు. తెల్ల రోళ్లు పై అరలో ఉన్నాయి, నిచ్చెన పక్క గదిలో ఉంది. ఆ తర్వాత గేటు దగ్గర జరిగింది నేను చూళ్లేదు. గేటువాడు చెప్పాడు, వడ్రంగి కూడా చెప్పాడు. ఇద్దరి మాటా ఒకటే.

ఐదో నిమిషంలో నర్సు ఫోన్ చేసింది. నొప్పి తిరగబెట్టింది, నాడి పడిపోతోంది, ట్రేలో ఒకటే ఇంజెక్షన్ మిగిలింది. ఫోన్ డాక్టరు లాక్కున్నాడు. "లెటరమ్మా, ఇప్పుడే ల్యాబులోకి తీసుకెళ్లాలి. నంబరు చెప్పండి."

"పసుపు రోలుంది మేడమ్, అది ఎక్కించెయ్యనా?" అన్నాడు గేటువాడు.

ఎక్కిస్తే మళ్లీ మొదటికొస్తుంది. మూడింతలు, మొత్తం ముందే, మూసిన తలుపు. పిన్ని మెళ్లో వేలాడుతున్న తన ఉద్యోగి కార్డు తిప్పి చూసింది. ఉద్యోగులకి గేటు, పట్టీ, డిపాజిట్ ఏమీ అక్కర్లేదు. ఆ కార్డు మీది నంబరు కొడితే ఆస్పత్రిలో ఏ వైద్యమైనా నడుస్తుంది.

"రాసుకోండి" అని తన నంబరు చదివింది.

"ఇది మీది కదమ్మా" అన్నాడు డాక్టరు.

"నాదే. నేనే పేషెంటుని అనుకోండి. తలుపు తియ్యండి."

నేను రోలు పట్టుకుని రొప్పుతూ వచ్చేసరికి పిన్ని గేటు దగ్గరి బల్ల మీద కూర్చుని ఉంది. చేతులు ఒళ్లో కట్టేసినట్టు పెట్టుకుంది. పట్టీ ప్రింటైంది, నంబరు పుట్టింది. కానీ అప్పటికే లోపల ఒక యాభై రెండేళ్ల ఆడమనిషి గుండెకి, కాగితాల ప్రకారం, స్టెంట్ పడుతోంది. మేం ల్యాబు బయట నిలబడ్డాం. ఇంటావిడ డబ్బా గుండెలకి అదుముకుంది. ఆయన పోతే ఎవరి నంబరు మీద పోయినట్టు అన్న ప్రశ్న నాకొచ్చింది. పైకి అడిగేంత మొనగాణ్ణి కాదు.

ముప్పావు గంటకి డాక్టరు బయటికొచ్చి మాస్కు కిందికి లాగాడు. "పానా ఏదని అడుగుతున్నాడు" అన్నాడు.

ఇంటావిడ అక్కడే చతికిలబడి ఏడ్చింది. పిన్ని మాత్రం తన గదికెళ్లి, జరిగిందంతా వరసగా రాసి, సంతకం పెట్టి, మేనేజరు బల్ల మీద పెట్టింది. ఎవరూ అడక్కముందే.

మూడో రోజు మేనేజరు పిలిచాడు. నేను తలుపు బయటే ఉన్నాను, మాటలన్నీ వినపడ్డాయి.

"ఇరవై రెండేళ్ల సర్వీసమ్మా. కంగారులో పొరపాటు జరిగిందని ఒక్క వాక్యం రాయండి. ఫైలు మూసేస్తాను."

"పొరపాటు గేటు దగ్గర జరిగిందండీ. నేను చేసింది తెలిసే చేశాను. రేపు ఇలాంటిదే వస్తే మళ్లీ కంగారనే రాయించుకుంటారు. రంగు మార్చే వీలు డెస్కుకివ్వండి, కంగారు దానంతటదే తగ్గుతుంది."

"గేటు దగ్గర ఎవరు పొరపాటు చేసింది?"

పిన్ని నా పేరు చెప్పదని నాకు తెలుసు. నేను తలుపు తోసుకుని లోపలికెళ్లాను. "నేనే సార్. మొహం చూసి చెప్పాను."

మేనేజరు ఇద్దరినీ మార్చిమార్చి చూశాడు. నాకు పది రోజుల జీతం కోశాడు. పిన్నిని డెస్కు నుంచి తీసి ఆర్నెల్లు పాత రికార్డుల గదిలో వేశాడు, ఆ ఏడాది పెరగాల్సిన జీతం ఆపేశాడు. బిల్లు మాత్రం తెల్ల రేటుకి దొర పేరు మీదికి మార్చారు. ఉద్యోగి నంబరు మీద ఉంచితే సగం రేటే వస్తుంది మరి. రంగు మార్చే వీలు డెస్కుకి ఇవ్వలేదు. ఇస్తారన్న ఆశ నాకు లేదు. పిన్నికుంది.

బిల్లు మార్చినవాళ్లు వైద్యం రికార్డు మార్చడం మర్చిపోయారు. అందుకని ప్రతి సోమవారం పొద్దున ఆస్పత్రి మిషను పిన్ని ఫోనుకే చేస్తుంది. గుండె ఆపరేషన్ చేయించుకున్న మీరు మాత్రలు వేళకి వేసుకుంటున్నారా, ఔననడానికి ఒకటి నొక్కండి అంటుంది. ఆ లైను అలాగే ఉంచి, పిన్ని మా అమ్మ ఫోన్లోంచి ఇంటావిడకి చేస్తుంది.

"దొర మాత్ర వేసుకున్నాడా?"

"వేసుకున్నాడమ్మా. కానీ నిన్న మళ్లీ షాపు తెరిచాడు, వద్దంటే వినడు."

"బరువులు ఎత్తొద్దని చెప్పు."

"నువ్వే చెప్పు, నా మాటంటే లెక్కలేదు. ఉండు ఇస్తున్నా."

అటు దొర లైన్లోకి వచ్చేలోపు, పిన్ని తన ఫోన్లో ఒకటి నొక్కుతుంది.