కమ్లి చిన్నమ్మ క్యాలెండర్‌లో నాలుగు ఖాళీ నెలలు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా సగమే రాసుకున్నాను. ఒక రైతు నాలుగేళ్ళు పెంచిన ఆరెకరాల తోటను జేసీబీతో పీకించడానికి సిద్ధపడ్డాడు. ఆయన మనసు గట్టి చేసుకున్నది నేను రాసిన ఒక వాక్యం చదివి. ఆ వాక్యం నాదని ఆయనకు ఇప్పటికీ తెలియదు.

అది 2024 జూన్. అశ్వారావుపేట చుట్టుపక్కల ఆయిల్ పామ్ తోటలు చూసే ఫీల్డ్ అసిస్టెంట్‌గా చేరి ఏడాదిన్నర అయింది. మాది కల్లూరు వైపు ఊరు. పొద్దున్నే స్కూటీ మీద తోటలకు పోయి చెట్ల ఆరోగ్యం చూడటం, ఎరువులు చెప్పడం, రైతుల వాట్సాప్ గ్రూపులో నోటీసులు పెట్టడం నా పని. నోటీసు తప్ప ఆ గ్రూపులో ఒక్క మాట రాసేదాన్ని కాదు. నలుగురు ఉన్నచోట నాకు గొంతు పెగలదు. ఫోన్‌లో కూడా అంతే.

కానీ ఇంకోచోట చాలా రాసేదాన్ని. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ప్రశ్నలు వేసుకుని జవాబులు చెప్పుకునే ఒక తెలుగు పేజీలో మారుపేరుతో ఉండేదాన్ని. ఈ ఉద్యోగానికి ముందు మూడేళ్ళు పోటీ పరీక్షలు రాశాను. మూడోసారి కూడా జాబితాలో నా నంబరు లేదు. ఆ రోజే ఆ పేజీలో ఎవరో, “జీవితం నేర్పిన పాఠం ఒక్క మాటలో చెప్పండి” అని అడిగారు. నేను రాశాను: “మూడేళ్ళు కష్టపడినా చేతికి రానిది మనది కాదు. నాలుగో ఏడు కూడా పట్టుకుని కూర్చుంటే అది మొండితనం.” చాలామంది మెచ్చుకున్నారు. ఎవరి మొహం ఎదుట పడకుండా మెప్పు దొరకడం నాలాంటిదానికి ఎంత హాయో చెప్పలేను. తర్వాత ఆ సంగతే మర్చిపోయాను.

సక్రు బాబాయ్ అని నేను పిలిచేది ఒక తండా రైతును. ఆయన ఆ జూన్‌లో ఒక రోజు రైతుల గ్రూపులో నాలుగు ఫొటోలు పెట్టి, “చెట్టు నిండ మగ పూతనే. గెల లేదు. ఏం జెయ్యాలె?” అని అడిగాడు.

ఆయిల్ పామ్‌లో ఆడ, మగ చెట్లని విడిగా ఉండవు. ఒకే చెట్టుకు కొన్నాళ్ళు ఆడ పూత వస్తుంది, కొన్నాళ్ళు మగ పూత. గెల కట్టేది ఆడ పూతే. మొదటి రెండు మూడేళ్ళు వచ్చిన పూతనంతా తీసేయిస్తాం. దాన్ని ఆబ్లేషన్ అంటారు. చెట్టు బలమంతా మొదలుకు పట్టాలని అలా చేస్తారు. అందుకే రైతు అన్నేళ్ళు ఖాళీ చేతులతో ఎదురు చూస్తాడు. ఆ ఎదురుచూపు అయ్యాక మగ పూత ఒక్కటే కనిపిస్తే గుండె జారిపోతుంది.

గ్రూపులో ఒకాయన, “సక్రూ, అందరూ మొగపిల్లలే పుట్టిండ్రంటగా, స్వీట్లేవి?” అన్నాడు. ఇంకొకాయన, “కొట్టేసి మక్కజొన్న పెట్టు. మా తమ్ముడు గట్లనే జేసి కడుపు నిండ తింటుండు” అన్నాడు. అనుభవాలు, సామెతలు, దండాల బొమ్మలు వరసగా వచ్చాయి. వాటి మధ్య పొద్దుగుంకే సూర్యుడి బొమ్మ మీద పసుపు అక్షరాల్లో నా వాక్యం వచ్చింది. ఎవరు ఎక్కడినుంచి తెచ్చారో తెలియదు.

దాని కిందే సక్రు బాబాయ్ రాశాడు: “కరెక్ట్ మాట. ఆదివారం జేసీబీ వస్తది.”

నేను మూడుసార్లు జవాబు టైపు చేసి మూడుసార్లు చెరిపేశాను. నీళ్ళు చాలక చెట్టు అల్లాడితే మగ పూత ఎక్కువవుతుందని శిక్షణలో చెప్పారు. కానీ పూత ఆడదా మగదా అన్నది అది బయటపడటానికి సుమారు రెండేళ్ళ ముందే లోపల తేలిపోతుందట. అది నోట్‌బుక్‌లో రాసుకున్నానే గాని కళ్ళతో చూడలేదు. నా మాట విని ఆయన తోట ఉంచుకుని, వచ్చే ఏడు కూడా గెల రాకపోతే?

శనివారం పొద్దున తోటకు వెళ్ళాను. కమ్లి చిన్నమ్మ, అంటే సక్రు బాబాయ్ భార్య, చెట్ల మొదళ్ళ దగ్గర ఎండు మట్టలు సర్దుతోంది. మర్నాడు పీకేసే తోటలో ఆ పని ఎందుకని అడగబోయి ఆగిపోయాను.

బాబాయ్ ఫోన్ తీసి నా మొహం ముందు పెట్టాడు. “గిది సూడు మేడం. ఎవరో పెద్దమనిషి రాసిండు. మస్తు అనుభవం ఉన్నోడు.”

నేను ఫోన్ పక్కకు జరిపాను. “రాసినవాళ్ళకు మీ తోట తెలియదు కదా బాబాయ్.”

“తెల్వకపోతె గింత కరెక్టుగ ఎట్ల జెప్తడు? మూడేళ్ళు, నాలుగో ఏడు. లెక్క సరిపాయె.”

“రెండేళ్ళ కిందట నీళ్ళకు ఇబ్బంది పడ్డారా?”

“అప్పుడేమో బోరు ఎండింది. ఎప్పటి ముచ్చట మేడం! వానలు పడ్డంక కొత్త బోరు ఏపిస్తి. ఇప్పుడు నీళ్ళు మస్తు. దానికీ దీనికీ ఏం సంబంధం?”

“ఎన్నాళ్ళు ఎండింది?”

“ఓ పదిహేను దినాలుండొచ్చు.”

కమ్లి చిన్నమ్మ చేతులు దులుపుకుని లేచింది. “పదిహేను దినాలా? నువ్వు తాగినవా లెక్క పెట్టినవా?” అని చేను పక్కనే ఉన్న ఇంట్లోకి పోయి, గోడ క్యాలెండర్ల కట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆమెకు చదువు రాదు. బోరు నీళ్ళు వాళ్ళకూ మరిది చేనుకూ వంతులు. పోట్లాట రాకుండా, తమ వంతు నీళ్ళు పారిన ప్రతి రోజు మీదా గోడలకు పూసే ఎర్రమట్టి జాజుతో ఒక చుక్క పెడుతూ వచ్చింది. నాలుగేళ్ళ చుక్కలు. 2022వి తిప్పాను. ఫిబ్రవరిలో ఎర్రగా ఉంది. మార్చి, ఏప్రిల్, మే, జూన్ పేజీల్లో ఒక్క చుక్క లేదు. జూలైలో వానలకు పాత బోరులో కాస్త ఊరి రెండు మూడు చుక్కలు, ఆగస్టులో కొత్త బోరు. అక్కడినుంచి మళ్ళీ చుక్కలే.

నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాను. ఆ నాలుగు నెలలకు రెండేళ్ళు కలిపితే సరిగ్గా ఇప్పుడే.

పదో తరగతి నుంచి డైరీ రాస్తున్నాను. అలమర నిండా ఉన్నాయి. అక్షరం రాని మనిషి పెట్టిన ఆ చుక్కల ముందు నా డైరీలన్నీ తేలిపోయాయి.

“బాబాయ్, పూత ఆడదో మగదో రెండేళ్ళ ముందే చెట్టు లోపల తేలిపోతుందట, ఇప్పుడు కనిపించేది బోరు ఎండినప్పటిదేమో. ఇంకా విచ్చుకోని పూతను కోసి చూద్దాం. అందులోనూ మగదే ఉంటే ఆదివారం నేను మాట్లాడను” అన్నాను. అంత గట్టిగా మాట్లాడింది నేనేనా అనిపించింది.

బాబాయ్ ఒక మట్ట కోసి, దాని మొదట్లో ఉన్న తొడుగును కత్తితో చీల్చాడు. వేళ్ళలాంటి సన్నని కాడలు బయటపడ్డాయి. మగదే. ఆయన కత్తి కింద పెట్టేశాడు.

చిన్నమ్మ చెట్టు చుట్టూ ఒకసారి తిరిగింది. “బిడ్డా, మట్ట కింద ముందుగాల వస్తదా, పైన ముందుగాల వస్తదా?”

“కిందివే పాతవి చిన్నమ్మా. కొత్తవి పైన నడిమి మొవ్వు నుంచి వస్తాయి.”

“అవ్ మరి. మీరు కోసింది కిందిది. అది ఎండిపోయినప్పటి పిల్ల. బోరు ఏసినంక పుట్టిన పిల్ల ఇంకా పైనుండదా?”

శిక్షణలో రెండు రోజులు కూర్చుని నేను నేర్చుకున్నది ఆమె చెట్టు కింద రెండు నిమిషాల్లో పట్టుకుంది. పైన ఆరేడు మట్టలు దాటి బాబాయ్ మళ్ళీ కోశాడు. లోపలి పూత చిన్నగా, పొట్టిగా, లావుగా ఉంది. మొనలు ముళ్ళలా గుచ్చుకున్నాయి. ఆడది. ఇంకో రెండు చెట్లు చూశాం. రెండింట్లోనూ పైవి ఆడవే.

బాబాయ్ ఆ తొడుగును అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. “దీన్ని కూడ పీకిస్తుంటిని గదనే” అన్నాడు భార్యతో.

“నన్ను అడిగితివా?” అంది ఆమె.

అక్కడే నిలబడి ఆయన గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు. “అన్నలూ, జేసీబీ వస్తలేదు. మీరు మంచికే జెప్పిండ్రు, తప్పు నాది. నా తోట ముచ్చట ఫోన్‌ల అడిగిన, మా ఇంట్ల అడగలే. మా ఆమె నాలుగేళ్ళ నీళ్ళ లెక్క పెట్టింది. ఎవరికన్న మగ పూత వస్తె రెండేళ్ళ కిందట నీళ్ళెట్లున్నయో యాది జేసుకోండ్రి.” రెండు వందల మంది ముందు పొరపాటు ఒప్పుకున్న మగమనిషిని నేను అంతకుముందు చూడలేదు. స్వీట్లు అడిగినాయన సాయంత్రానికి తన తోట ఫొటోలు కూడా పంపి, “వదినను అడిగి చెప్పు సక్రూ” అని రాశాడు.

మట్టల మీద కూర్చుని టీ తాగుతున్నప్పుడు, కడుపులో దాచుకోలేక చిన్నమ్మతో, “ఆ బొమ్మ మీద మాట రాసినవాళ్ళకు బుద్ధి లేదు చిన్నమ్మా” అన్నాను.

ఆమె ఆలోచించి చెప్పింది. “గట్ల అనకు బిడ్డా. వాళ్ళకు ఏ ఎండాకాలం నీళ్ళు అందలేదో.”

మూడోసారి జాబితాలో నా నంబరు వెతుక్కున్న రోజు గుర్తొచ్చింది.

తర్వాతి ఏడు ఎండలు ముదరకముందే ఆ తోటలో గెలలు దిగాయి. ఆ పేజీలో ఇప్పుడూ చదువుతుంటాను, అప్పుడప్పుడు రాస్తాను కూడా. రాసేముందు ఒకటి అడుగుతాను: అంతకుముందు ఏం జరిగింది? చాలామంది అప్పుడు అసలు కథ చెబుతారు. తోటల్లోనూ అదే నా మొదటి ప్రశ్న. ఎదురుగా కనిపించే పూత చూసి తీర్పు చెప్పకూడదని ఈ వృత్తి నేర్పింది. చెట్టుకైనా మనిషికైనా ఇవాళ కనిపించేది ఎప్పటి దాహమో పక్కన ఉండి చూసినవాళ్ళకే తెలుస్తుంది.

ఈ మధ్య నన్ను సత్తుపల్లి వైపు మార్చారు. చెప్పిపోదామని వెళితే బాబాయ్ ఎవరితోనో ఫోన్‌లో గట్టిగా వాదిస్తున్నాడు, చెయ్యి మాత్రం ఊపాడు. చిన్నమ్మ స్కూటీ దాకా వచ్చి, ముందు బుట్టలో దోసకాయలు సర్ది, నా భుజం మీద చెయ్యి వేసి అంది:

“కొత్త ఊళ్ళ ఏ తోటకు పోయినా ముందుగాల ఆడోళ్ళను అడుగు బిడ్డా. మొగోళ్ళకు ఫోన్‌ల ముచ్చట్లతోనే తెల్లారుతది.”