కొత్త అల్లుడు వేసిన బంతి

నేను డిగ్రీ పాసయ్యాను. ఈ మాట మా వీధిలో ఇంటింటికీ చెప్పేశాను, కొన్ని ఇళ్లకు రెండోసారి కూడా. మీకు కూడా చెబితే గాని అన్నం సహించేట్టు లేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాళ్లు నాకు ముందు ఎవరూ లేరు. ఇంకో కబురు కూడా ఉంది, దాన్ని చివరికి దాచాను. ఈలోపల, చదువు సగంలో ఉండగా తెలివి ఎక్కువై నేనొక బేస్‌బాల్ జట్టును ఎలా ముంచబోయానో వినండి. ఇప్పుడు నవ్వుతున్నాను గానీ, ఆ రోజు ప్రొద్దుటూరు గ్రౌండులో భూమి కాస్త చీలి ఉంటే దూకి, పైన మట్టి కూడా నేనే కప్పుకునేవాణ్ణి.

బేస్‌బాల్ మన వైపు ఎవరాడతారని అడక్కండి. ఆడతాం. ఓడిపోతాం కూడా. ఈ రెండో పనిలో మా జట్టుకు మంచి పేరుంది. బంతి మా చేతికొస్తే తడి సబ్బులా జారిపోయేది. చూసి చూసి గ్రౌండు కమిటీ పెద్దలు తేల్చేశారు. ఈసారి టోర్నమెంటులో పులివెందులతో మొదటి మ్యాచ్ ఓడామా, సాయంత్రాలు గ్రౌండు క్రికెట్ వాళ్లది, మేం ఇళ్లకు.

మా కోచ్ ఖాజా సార్ దగ్గర అన్ని రోగాలకూ ఒకటే మందు. చాపాడు నుంచి నలుగురు ఇంటర్ పిల్లల్ని తెచ్చి రోజూ బంతి విసిరిస్తుండేవాడు. "ఓపిక పట్టు ఓబులేసూ, రేపు వీళ్లే నీ జట్టు" అనేవాడు.

"వీళ్లకు మీసాలొచ్చేలోపల గ్రౌండు పోతాది సార్" అన్నాను మేనేజరు హోదాలో.

నారు పోసినవాడు నీరు పోయకపోతాడా అంటారు. నేను నారూ పోయను, నీరూ పోయను, పండిన మడిలోకి కొడవలితో దిగుతానని జమ్మలమడుగు బస్సెక్కాను.

అక్కడ దొరికాడు రామ్మోహన్. పిచర్, అంటే బంతి విసిరేవాడు. బ్యాటు పట్టినవాడికి మూడుసార్లు తగలకుండా దాటిస్తే వాడు ఔటు. రామ్మోహన్ విసిరితే గాలి కూడా పక్కకు తప్పుకునేది. ప్రొద్దుటూరువాణ్ణి కదా, బంగారాన్ని గీటురాయి మీద గీసినట్టు గీసి చూశాను. చెయ్యి మేలిమి, కన్ను మేలిమి, పరుగు మేలిమి. అతని స్నేహితులిద్దరూ అదే రకం. కొత్త బూట్లు, మ్యాచ్ అయ్యాక బిర్యానీ అని ఒప్పించి ముగ్గుర్నీ తీసుకొచ్చాను. చాపాడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టాను. ఖాజా సార్ వాళ్ల చేతికి నీళ్ల సీసాలిచ్చి, ఆడేవాళ్లకు అందించమన్నాడు.

మ్యాచ్ ముందురోజు ముగ్గురికీ మా ఇంట్లో భోజనం. మా నాయన తల్లి, మా జేజి, సంగటి వడ్డిస్తూ రామ్మోహన్ ముఖంలోకి చూసింది. "యావూరోళ్లు నాయనా? నీకు పిల్లనిచ్చినోళ్లు ఎవురు?"

నా తల కొట్టేసినట్టయింది. కాలేజీకి పోయే మనవడి పరువు ఏం కావాలి?

"జేజీ, వాళ్లు ఆటకు వచ్చినారు, సంబంధానికి కాదు. నువ్వు గమ్మునుండు."

రామ్మోహన్ చెప్పబోయిన నోరు సంగటి ముద్దతో మూసేశాడు. ఆ ముద్దను గుర్తుపెట్టుకోండి. మా జట్టు అందులోనే ఇరుక్కుంది.

మ్యాచ్ మొదలైంది. పులివెందుల వాళ్లు ఇద్దరు వచ్చినట్టే వెనక్కి పోయారు. నేను కాలరెత్తి కమిటీ పెద్దల ముందు నాలుగడుగులు నడిచాను. మూడోవాడొచ్చాడు, కాస్త లావుపాటి మనిషి. రామ్మోహన్ అతన్ని చూసి చిరునవ్వు నవ్వాడు. తర్వాత విసిరిన బంతి, తాంబూలం పళ్లెం రెండు చేతులా అందించినట్టు మెల్లగా, మర్యాదగా పోయింది. లావుపాటి మనిషి దాన్ని గోడ దాటించాడు. తర్వాత వచ్చినవాడికీ అదే తాంబూలం, అదే గోడ.

పరిగెత్తుకుంటూ పోయి, చెయ్యి నొప్పిగా ఉందా అని అడిగాను.

"చెయ్యి బాగనే ఉంది మామా. ఆ లావుపాటాయన మా బామ్మర్ది. ఆయన ఎనకాల వచ్చినాయన మా పెద్ద బామ్మర్ది."

"అయితే ఏంది? ఔట్ చెయ్యి."

"ఎట్ల చేసేది? పెండ్లయి మూడు నెల్లు గూడా కాలే. ఆడ చూడు."

చెట్టు నీడన కుర్చీ వేయించుకుని తెల్లపంచె పెద్దాయనొకరు మీసం దువ్వుకుంటున్నారు. పిల్లనిచ్చిన మామ. అల్లుడి ఆట చూడాలని కారు కట్టించుకుని మరీ వచ్చారట.

"ముందే చెప్పొచ్చు గదప్పా?"

"మీ జేజి అడిగె గదా. నువ్వు చెప్పనిస్తివా?"

ఇక స్నేహితులిద్దరి మీద ఆశ పెట్టుకున్నాను. మళ్లీ వంతు వచ్చిన బామ్మర్ది కొట్టిన బంతి దొర్లుకుంటూ వస్తే, పెద్దలకు దారిచ్చినట్టు ఒకడు పక్కకు జరిగాడు. అడిగితే, ఆ ఇంటి పెండ్లి భోజనం ఇంకా అరగలేదన్నాడు. ఇద్దరూ పెండ్లికొడుకు తరఫున పోయి మర్యాదలు అందుకున్నవాళ్లే. నేను కొడవలితో దిగింది పులివెందుల వాళ్ల మడిలోకి.

ఈ ఆటలో ఒకసారి బయటికి తీసినవాణ్ణి మళ్లీ దించే వీల్లేదు. అయినా ముగ్గుర్నీ, మా పాతవాళ్లలో ఒకణ్ణీ బయటికి తీసి, పోయి ఖాజా సార్ ముందు తలవంచుకుని నిలబడ్డాను. సార్ చాపాడు పిల్లల్లో పెద్దవాడైన మస్తాన్‌ను పిలిచాడు.

"నీకు పెండ్లి అయిందా?"

"లే సార్."

"పులివెందల్లో మీవోళ్లు ఎవురన్నా ఉండారా?"

"ఎవురూ లేరు సార్."

"పో, బంతి ఎత్తుకో."

మస్తాన్‌కు మీసాలు రాలేదు గానీ, మొహమాటం కూడా రాలేదు. లావుపాటి బామ్మర్దిని మూడు బంతుల్లో ఇంటికి పంపాడు, పెద్ద బామ్మర్దిని ఆయన వెనకే తోడు పంపాడు. మిగిలిన ముగ్గురు పిల్లలూ దొర్లిన ప్రతి బంతినీ కోడిపిల్లను పట్టినట్టు పట్టారు. పరుగు పరుగూ కూడగట్టి, చివరికి ఒక్క పరుగుతో గెలిచాం. గ్రౌండు మాకు దక్కింది. పొద్దుటి నుంచి బిగబట్టిన ఊపిరిని అప్పుడు వదిలాను.

నాకంటే పెద్ద ఊపిరి వదిలినవాడు రామ్మోహన్. "బతికిస్తివి మామా. గెలిచింటే అత్తగారింట్లో చస్తాంటి, ఓడింటే మీ ఊర్లో చస్తాంటి" అని బిర్యానీకి కూర్చున్నాడు.

అంతలో తెల్లపంచె పెద్దాయన నేరుగా నా దగ్గరికే వచ్చారు. అల్లుణ్ణి నలుగురిలో బయటికి తీశానుగా, చెంప చెళ్లుమంటుందని కళ్లు మూసుకున్నాను.

"మేనేజరు నువ్వేనా అబ్బోడా? ఏం చదువుతాండావు?"

"డిగ్రీ, పెదనాయనా."

"యావూరోళ్లు? నీకు పెండ్లి అయిందా?"

దాచిన కబురు ఇదే. డిగ్రీ పాసైన వెంటనే ఆ పెద్దాయన రెండో కూతురితో నాకు పెళ్లి ఖాయమైంది. రెండు వైపులా చుట్టరికం తవ్వి తీసింది మా జేజి, ఒక్క పూటలో. రామ్మోహన్ ఇప్పుడు నాకు కాబోయే తోడల్లుడు.

వచ్చే నెల పులివెందులతో మళ్లీ మ్యాచ్. నిన్న ఖాజా సార్ పిలిచి, "ఓబులేసూ, నీకు పిల్లనిచ్చేవోళ్లు ఎవురు?" అని అడిగాడు. జవాబు వినకుండానే నా చేతిలో నీళ్ల సీసాలు పెట్టాడు.

కాబట్టి మా జేజి వక్కాకు సంచి మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. పిల్లనిచ్చినవాళ్లెవరో అడగకుండా ఇకమీదట ఎవర్నీ జట్టులోకి తీసుకోను. గ్రౌండులో నీళ్లు కూడా మా జట్టుకే ముందు అందిస్తాను. బామ్మర్దికి దప్పికైతే తప్ప.