వంటింటి ద్వారబంధం మీద గీతలు

ఆస్ట్రేలియాలోని టూవూంబాలో మా పక్కింటి బ్రొన్విన్ బడిలో లైబ్రరీ చూసుకునేది. కొలంబియాలోని ఒక అక్కాతమ్ముళ్లను దత్తత తీసుకోవాలని ఆమె, ఆమె భర్త డారెల్ నాలుగేళ్లు ఎదురుచూశారు. ఏటా అక్కడి నుంచి రిపోర్టు రాగానే, అందులో రాసిన పిల్లల ఎత్తుల ప్రకారం వంటింటి ద్వారబంధం మీద పెన్సిలుతో గీతలు గీసేది.

"గడప తొక్కకుండానే నీ భుజం దాకా వచ్చేసిందే పిల్ల!" అని డారెల్ వేళాకోళం చేసేవాడు.

ఒక సోమవారం దత్తత ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. పిల్లల్ని వాళ్ల అమ్మమ్మ తనతో తీసుకెళ్లిపోయిందట. బ్రొన్విన్ "సరేనండీ" అని ఫోన్ పెట్టేసి, ఉతికిన బట్టలు ఆరేసింది.

గురువారం, అంతకుముందే పోస్టు చేసిన ఈ ఏటి రిపోర్టు వచ్చింది. ఆమె టేపు తీసింది.

"ఇప్పుడెందుకే అది?" అన్నాడు డారెల్.

"పిల్లాడు ఆరు సెంటీమీటర్లు పెరిగాడు" అంటూ గీత గీసి, పక్కన తేదీ వేసింది.